సగంలో ఆగిన ముఖాలు

నెపోలియన్ సామ్రాజ్యం 1814-15లో కూలిపోయాక రోమ్ నగరంలో కొలువు చేస్తున్న ఫ్రెంచి అధికారులు కుటుంబాలతో సహా మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయారు. వాళ్ళ రూపచిత్రాలు వేసి బతుకుతున్న ఆంగ్ర్ అనే ఫ్రెంచి చిత్రకారుడికి ఒక్కసారిగా రాబడి పోయింది. అప్పటికి ఆయనకు దాదాపు ముప్ఫై అయిదేళ్ళు. యుద్ధం ముగియడంతో ఇటలీ చూడటానికి ఇంగ్లండు యాత్రికులు రావడం మొదలైంది. ఆంగ్ర్ వాళ్ళను కూర్చోబెట్టి పెన్సిలుతో చిన్నచిన్న బొమ్మలు గీసి ఇచ్చాడు. పురాణ, చరిత్ర ఘట్టాలను పెద్ద పెద్ద తైలచిత్రాలుగా వేసి పేరు తెచ్చుకోవాలన్నది ఆయన ఆశ. ఈ పెన్సిలు పని పొట్టకూటి కోసం చేసింది. జీవితం మొత్తంలో అలాంటి బొమ్మలు నాలుగు వందలకు పైగా గీశాడు. ఇవాళ వాటిని ఆయన తైలచిత్రాల పక్కన సమానంగా నిలబెడుతున్నారు.

వాటిలో ఏదో ఒకటి తీసుకుని చూడండి. ముఖం దగ్గర పెన్సిలు ఎంతో నెమ్మదిగా నడిచింది. కనురెప్ప అంచు, ముక్కుపుటం కింది నీడ, పెదవి మూల మడత, అన్నీ ఓపిగ్గా దిద్దినవే. మెడ దాటగానే వేగం మారిపోతుంది. కోటు చేతికి నాలుగు గీతలు, కుర్చీకి రెండు. పాదాల దగ్గరికి వచ్చేసరికి గీత సన్నబడి కాగితంలో కలిసిపోతుంది. దాని కింద ఆంగ్ర్ సంతకం పెట్టి ఇచ్చేశాడు. ఆయన లెక్కలో పని అయిపోయింది.

ఒకే కాగితం మీద ఇలా రెండు వేగాలు కనిపించడమే నన్ను ఈ విషయంలోకి లాగింది. తైలచిత్రంలో పొర మీద పొర పడుతుంది. చిత్రకారుడు ముందు ఏం చూశాడో, ఎక్కడ తడబడ్డాడో, ఏది చాలనుకుని వదిలేశాడో పైపొర కప్పేస్తుంది. సగంలో ఆగిన పెన్సిలు బొమ్మకు ఆ కప్పు లేదు. ఒక మనిషి ఇంకొక మనిషిని ఎలా చూశాడన్నదానికి అది సాక్ష్యం. ఎదుట కూర్చున్న మనిషి గురించి అది చెప్పేది మనం అనుకున్నంత ఉండదు. చూసిన కన్ను గురించీ, కదిలిన చేతి గురించీ, ఇప్పుడు దాన్ని చూస్తున్న మన మెదడు గురించీ మాత్రం చాలా చెబుతుంది.

ముందు ఆ పరికరం సంగతి. పెన్సిలు ముల్లులో ఉండేది గ్రాఫైటు. ఇంగ్లండులోని బారోడేల్ లోయలో పదహారో శతాబ్దంలో స్వచ్ఛమైన గ్రాఫైటు దొరికినప్పుడు జనం దాన్ని సీసం జాతి అనుకున్నారు. అది కర్బనమేనని 1779లో స్వీడన్ రసాయనవేత్త షీలే తేల్చాడు. ఇంగ్లండుతో యుద్ధం వల్ల ఫ్రాన్సుకు గ్రాఫైటు రాకుండా పోయినప్పుడు 1795లో నికొలా జాక్ కాంతే అనే ఆయన గ్రాఫైటు పొడిలో బంకమట్టి కలిపి కాల్చి ముల్లు తయారుచేశాడు. మట్టి పాలు పెరిగితే ముల్లు గట్టిబడుతుంది, గీత సన్నగా, లేతగా పడుతుంది. మట్టి తగ్గితే మెత్తగా, నల్లగా పడుతుంది. చిత్రకారులు తమ చేతికి తగిన ముల్లును ఎంచుకునే వీలు అలా వచ్చింది.

గ్రాఫైటులో కర్బన పరమాణువులు షట్కోణాల అల్లికగా పలచని పొరల్లో పరుచుకుని ఉంటాయి. పొరలోపల బంధాలు చాలా గట్టివి. పొరకూ పొరకూ మధ్య దూరం 0.335 నానోమీటర్లు, అక్కడి పట్టు బలహీనం. అందుకే పేకముక్కల కట్టను పక్కకు తోసినట్టు కాస్త ఒత్తిడికే పొరలు జారి కాగితానికి అంటుకుంటాయి. కాగితం మనకు నున్నగా కనిపించినా సూక్ష్మదర్శినిలో అది పీచుల ఎత్తుపల్లాలే. తేలిగ్గా గీస్తే గ్రాఫైటు ఎత్తుల మీదే పడుతుంది, గీత రేణువులు రేణువులుగా ఉంటుంది. నొక్కి గీస్తే పల్లాలు కూడా నిండుతాయి, కాగితం లోపలికి అణుగుతుంది. ఆ గీతను రబ్బరుతో తుడిచేసినా అణిగిన గాడి మిగులుతుంది. చీకటి గదిలో కాగితానికి ఒక పక్కనుంచి, దాదాపు దాని తలానికి సమాంతరంగా వెలుగు వేస్తే ఆ గాళ్ళన్నీ నీడలతో బయటపడతాయి. మ్యూజియాల్లో చిత్ర సంరక్షకులు మొట్టమొదట చేసే పరీక్షల్లో ఇదొకటి. పెన్సిలు గీత ఒక్కటే ఒత్తిడినీ, దిశనూ, వేగాన్నీ కలిపి భద్రం చేస్తుంది.

దిశ కూడా చిన్న విషయం కాదు. నీడ దిద్దడానికి వరసగా వేసే ఏటవాలు గీతలు కుడిచేతివాటం వాళ్ళవైతే సాధారణంగా కింద ఎడమ నుంచి పైన కుడికి వాలతాయి. ఎడమచేతివాటం వాళ్ళవి పైన ఎడమ నుంచి కింద కుడికి. లియొనార్డో డావించీది ఎడమచేతివాటం. ఏ బొమ్మ ఆయన గీసింది, ఏది శిష్యులు గీసింది అని విడదీసేటప్పుడు పండితులు ఈ వాలును ఒక ఆధారంగా తీసుకుంటారు.

ఆంగ్ర్ గీతల్లో ఇంతకన్నా పెద్ద రహస్యం ఉందని బ్రిటిష్ చిత్రకారుడు డేవిడ్ హాక్నీకి అనుమానం వచ్చింది. 1999లో లండన్ నేషనల్ గ్యాలరీలో ఆంగ్ర్ రూపచిత్రాల ప్రదర్శన చూసినప్పుడు ఆ బొమ్మలు అంత చిన్నవి కావడం, బట్టల గీతల్లో ఎక్కడా వెతుకులాట లేకపోవడం ఆయనకు వింతగా తోచింది. ఫొటోను తెర మీద వేసుకుని దాని అంచుల వెంట గీసిన అమెరికన్ చిత్రకారుడు ఆండీ వార్హోల్ గీతల్లోనూ ఇదే తొణకని ధోరణి ఉందని ఆయన పోల్చాడు. ఆంగ్ర్ కెమెరా లూసిడా వాడి ఉంటాడన్నది హాక్నీ వాదన. ఇంగ్లండు శాస్త్రవేత్త విలియం హైడ్ వలాస్టన్ 1806లో పేటెంటు పొందిన చిన్న పట్టకం అది. ఊచకు బిగించి దాని అంచు మీదుగా చూస్తే ఎదుటి మనిషీ, కింద ఉన్న కాగితమూ ఒకేసారి కంటికి కనిపిస్తాయి. ముఖం ఒక కొలతలో, ఒళ్ళు కాస్త వేరే కొలతలో ఉన్న బొమ్మలను కూడా ఆయన సాక్ష్యంగా చూపించాడు. పట్టకాన్నో కాగితాన్నో మధ్యలో కదిపితే అలా జరగొచ్చునన్నాడు. కళాచరిత్రకారుల్లో చాలామంది ఒప్పుకోలేదు. చిన్ననాటి నుంచీ అంత కఠినమైన శిక్షణ పొందిన చేతికి ఆ పాటి గీత అసాధ్యమేమీ కాదన్నారు. హాక్నీ ఊరుకోలేదు. తానే కెమెరా లూసిడా తెచ్చుకుని అదే నేషనల్ గ్యాలరీ కాపలాదారులను కూర్చోబెట్టి ఆంగ్ర్ పద్ధతిలో గీసి చూశాడు. నా మటుకు నాకు తేలింది ఒకటే: పట్టకం కంటి మూలలు, పెదవి మూలలు ఎక్కడుండాలో గుర్తు పెట్టుకోవడానికి సాయం చేస్తుంది. ఆ గుర్తుల మధ్య రెప్ప బరువును చూపించాల్సింది మళ్ళీ చెయ్యే.

చిత్రకారుడి కన్ను నిజంగా ఎలా పనిచేస్తుందో కొలిచి చూసినవాళ్ళు ఉన్నారు. పరిశోధకుడు జాన్ చలెంకో, ఆక్స్‌ఫర్డ్ శరీరశాస్త్రవేత్త క్రిస్ మయాల్ కలిసి 1990ల చివర హంఫ్రీ ఓషన్ అనే రూపచిత్రకారుడి తలకు కంటి కదలికలను నమోదు చేసే పరికరం తొడిగి, ఆయన మనుషుల బొమ్మలు గీస్తుండగా పరిశీలించారు. మామూలుగా మన చూపు సెకనుకు రెండు మూడు చోట్ల వాలుతూ గెంతుతూ ఉంటుంది. ఓషన్ గీస్తున్నప్పుడు మాత్రం అలా తిరగలేదు. ఎదుటి ముఖం మీద ఒక్క బిందువును పట్టుకుని మామూలుకన్నా దాదాపు రెట్టింపు సేపు నిలిచింది. అక్కడి నుంచి కాగితం మీదికి వచ్చింది, చిన్న గీత పడింది. మళ్ళీ ముఖం మీదికి. ఒక చూపుకు ఒక వివరం. ముఖం మొత్తాన్ని మనసులో నింపుకుని కాగితం మీద ఒలికించడం అన్నది జరగనే లేదు.

తర్వాత అమెరికాలో రాబర్ట్ సాల్సో అనే మనస్తత్వవేత్త అదే చిత్రకారుణ్ణి మెదడు స్కానింగ్ యంత్రంలో పడుకోబెట్టి ముఖాలు గీయించాడు. బొమ్మలు గీసే అలవాటు లేని మనిషితో పోల్చాడు. ముఖాలను గుర్తుపట్టే ప్రాంతంలో చురుకుదనం ఓషన్‌కు తక్కువగానూ, ఆలోచనకు, ప్రణాళికకు సంబంధించిన ముందుభాగంలో ఎక్కువగానూ కనిపించింది. ఇద్దరే ఇద్దరు మనుషుల మీద చేసిన పరీక్ష కనుక దాని మీద పెద్ద మేడలు కట్టకూడదు. అయినా కంటి కదలికల ఫలితంతో అది పొసుగుతుంది.

గీయడం రాని మనం ఎక్కడ తప్పుతామో చూస్తే ఈ తేడా ఇంకా స్పష్టమవుతుంది. ఎవరినైనా ఒక ముఖం గీయమనండి. కళ్ళను నుదురు దగ్గరికి తోసేస్తారు. పెద్దవాళ్ళ తలలో నడినెత్తి నుంచి గడ్డం దాకా కొలిస్తే కళ్ళు దాదాపు మధ్యలో ఉంటాయి. కానీ మన శ్రద్ధంతా కళ్ళు, ముక్కు, నోటి మీదే ఉంటుంది కాబట్టి అవి పెద్దవై, నుదురూ పుర్రె పైభాగమూ కుంచించుకుపోతాయి. మనం గీసేది ఎదుట ఉన్నదాన్ని కాదు, మనసుకు ముఖ్యమైనదాన్ని. శిక్షణ పొందినవాళ్ళ అసంపూర్ణ బొమ్మలో మొదట పడే లేత గీతలు చూడండి. తల వంపు, కళ్ళ వరస, భుజాల వాలు. మనసు చేసే ఆ మోసాన్ని ముందే కట్టడి చేయడానికి వేసుకున్న హద్దులవి. బొమ్మ పూర్తయితే అవి నీడల కింద మరుగున పడేవి.

గీసేవాళ్ళకు ఉన్న వ్యవధి కూడా కాగితం మీద తెలుస్తుంది. ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ కొలువులో పనిచేసిన హాన్స్ హోల్‌బైన్ గీసిన రూపచిత్రాలు ఎనభై దాకా విండ్సర్ కోటలో ఉన్నాయి. ఇవి ఎక్కువగా రంగుసుద్దలతో, సిరాతో వేసినవి, అయినా పని తీరు ఇదే. ముఖం నిండుగా ఉంటుంది. బట్టలకు గీతలు మాత్రమే. ఆ గీతల పక్కన జర్మన్‌లో పొడిపొడిగా రాసుకున్న మాటలు: ఇక్కడ తెల్ల మఖమలు, అక్కడ ఊదా మఖమలు, ఇది బంగారం. ప్రభువులు ఎక్కువసేపు కూర్చోరు. ముఖాన్ని వాళ్ళు ఎదురుగా ఉన్నప్పుడే పట్టుకోవాలి, మఖమలును తర్వాతైనా వేయొచ్చు. వాటిలో చాలా బొమ్మలకు వేసిన తైలచిత్రం ఇప్పుడు లేదు. ఆ మనుషుల ముఖానికి మిగిలిన ఆధారం ఈ పని కాగితమే.

ఇక చూసేవాళ్ళ వైపు వద్దాం. లోకంలో ముఖాల చుట్టూ నల్లగీతలు ఉండవు. అయినా గీతలతో వేసిన ముఖం మనకు ముఖంలాగే ఎందుకు తోస్తుంది? జూలియన్ హాక్‌బర్గ్, వర్జీనియా బ్రూక్స్ అనే మనస్తత్వవేత్తలు 1962లో ప్రచురించిన అధ్యయనంలో ఒక బిడ్డను ఏడాదిన్నర దాటేదాకా బొమ్మలకు వీలైనంత దూరంగా పెంచారు. ఏ బొమ్మకూ ఏ పేరూ నేర్పలేదు. ఆ తర్వాత గీతల బొమ్మలు చూపిస్తే వస్తువుల పేర్లు చెప్పాడు. గీతను చదవడం నేర్చుకున్న విద్య కాదు, చూపులోనే ఉందనడానికి ఇది బలమైన ఆధారం. మెదడులో దృష్టికి సంబంధించిన తొలి దశల్లోనే ఫలానా వాలులో ఉన్న అంచుకు స్పందించే కణాలు ఉన్నాయని డేవిడ్ హ్యూబెల్, టార్‌స్టెన్ వీసెల్ 1959 నుంచి పిల్లుల మీద ప్రయోగాలతో చూపించారు. 1981లో వాళ్ళకు నోబెల్ బహుమతి వచ్చింది. వెలుగు నీడ కలిసే చోటును మెదడు ఎలాగూ వెతుకుతుంది. చిత్రకారుడు ఆ చోటునే గీతగా అందిస్తున్నాడు.

కానీ అన్ని గీతలూ సమానం కావు. ఫొటోలోని ముఖం అంచుల వెంట యాంత్రికంగా గీతలు లాగితే, బాగా తెలిసినవాళ్ళను కూడా గుర్తుపట్టడం కష్టమవుతుంది. మనస్తత్వవేత్త వికీ బ్రూస్ బృందం 1992లో ఇది పరీక్షించింది. ఆ గీతలకు జుట్టు, కనుబొమల లాంటి నల్లని భాగాలను చేర్చగానే గుర్తింపు బాగా మెరుగుపడింది. పుట్టు గుడ్డితనం ఉన్న మన దేశపు పిల్లలకు చూపు తెప్పించే ప్రాజెక్ట్ ప్రకాశ్‌ను నడుపుతున్న పవన్ సిన్హా, తన సహచరులతో కలిసి 2003లో ఇంకా ఆశ్చర్యకరమైన సంగతి చూపించారు. ప్రసిద్ధుల ఫొటోల్లో కళ్ళు తీసేసినప్పటికన్నా కనుబొమలు తీసేసినప్పుడు గుర్తుపట్టడం ఎక్కువ కష్టమైంది. స్కెచ్ వేసేవాళ్ళు తొందరలో ఉన్నప్పుడు కూడా కనుబొమలకూ జుట్టుకూ ముదురు పెన్సిలు ఎందుకు తాకిస్తారో దీన్ని బట్టి అర్థమవుతుంది. శాస్త్రజ్ఞులకన్నా శతాబ్దాల ముందే వాళ్ళ చేతులకు ఈ సంగతి తెలుసు.

ఇక్కడ ఒక్కమాట గట్టిగా చెప్పాలి. అరకొర బొమ్మలో మనిషి స్వభావం, మనసులోని దాపరికాలు బయటపడతాయని నమ్మేవాళ్ళు చాలామంది. 1949లో కారెన్ మాకోవర్ అనే మనస్తత్వవేత్త, మనుషుల బొమ్మ గీయించి గీసినవారి వ్యక్తిత్వాన్ని చదివే పద్ధతిని పుస్తకంగా రాసింది. కళ్ళు పెద్దవిగా గీస్తే అనుమానపు మనిషి అన్నట్టు సాగే ఆ పద్ధతిని వైద్యులు ఏళ్ళ తరబడి వాడారు. లోరెన్, జీన్ చాప్‌మన్ దంపతులు 1967లో దాన్ని చక్కగా పరీక్షకు పెట్టారు. మనుషుల బొమ్మలు తీసుకుని, వాటి కింద రోగ లక్షణాలను ఏ సంబంధమూ లేకుండా ఇష్టమొచ్చినట్టు జతచేసి విద్యార్థులకు చూపించారు. అనుమానపు మనుషులు కళ్ళను ప్రత్యేకంగా గీస్తున్నారని విద్యార్థులు తమంతట తాము ‘కనిపెట్టారు’. అనుభవమున్న వైద్యులు చెప్పేదీ అదే. లేని సంబంధాన్ని ఇద్దరూ ముందున్న నమ్మకంతోనే చూశారు. ఖాళీ ఉన్న చోట మన మెదడు పూరించకుండా ఉండలేదు. అసంపూర్ణ ముఖంలో విషాదమో గర్వమో చటుక్కున కనిపించినప్పుడు, అది కాగితం మీద ఉందా మన దగ్గర నుంచి వెళ్ళిందా అని ఒకసారి ఆగి చూసుకోవాలి.

మెదడుకు దెబ్బ తగిలినప్పుడు సంగతి వేరు. అక్కడ గీత నిజంగానే సాక్ష్యమిస్తుంది. జర్మన్ చిత్రకారుడు అంటన్ రేడర్‌షైట్‌కు 1967లో మెదడు కుడిభాగంలో పక్షవాతపు దెబ్బ తగిలింది. ఆ తర్వాత ఆయన తన ముఖాన్నే వరసగా వేసుకున్నాడు. మొదట్లో కాగితం ఎడమ సగం దాదాపు ఖాళీ. కళ్ళు కనిపించక కాదు, ఎడమవైపు అనేది ఒకటుందన్న ధ్యాసే మెదడు నుంచి జారిపోయింది. నెలలు గడిచేకొద్దీ ముఖం ఎడమవైపు కొంచెం కొంచెంగా తిరిగి వచ్చింది. ఆయన ఎంతవరకు కోలుకున్నాడో ఆ బొమ్మల వరసలో కొలవచ్చు.

లండన్‌లో స్థిరపడిన అమెరికన్ చిత్రకారుడు విలియం ఉటర్‌మోలెన్ కథ ఇంకా బరువైనది. 1995లో, అరవై ఒకటో ఏట, ఆయనకు అల్జీమర్స్ వ్యాధి ఉందని తేలింది. ఆయన తన ముఖాన్ని గీసుకుంటూనే ఉన్నాడు. రంగులు, ఆ తర్వాత పెన్సిలు. ఆయనను చూసిన వైద్యులు 2001లో ‘లాన్సెట్’ పత్రికలో ఈ బొమ్మల గురించి రాశారు. ముఖంలోని భాగాలు ఒకదానికొకటి ఎంత దూరంలో, ఏ వరసలో ఉండాలన్న లెక్క ఏడాదికేడాది సడలిపోవడం వాటిలో కనిపిస్తుంది. 2000లో వేసిన పెన్సిలు తలల్లో కన్ను, ముక్కు ఏవో కొన్ని గుర్తులుగా మిగిలాయి. చాలామంది వాటిని భయానక చిత్రాలుగా చూస్తారు. నాకు వాటిలో పని చేస్తున్న మనిషి కనిపిస్తాడు. తుడిచాడు, మళ్ళీ గీశాడు, కుదరలేదని తెలిసి మళ్ళీ గీశాడు. తనకేం జరుగుతోందో ఇంత నిజాయితీగా నమోదు చేసిన రోగులు వైద్యశాస్త్రానికి అరుదుగా దొరుకుతారు. ఆయన 2007లో చనిపోయాడు.

తుడిచేసిన గీతలు కూడా పూర్తిగా పోవని చెప్పాను కదా. దానికి ప్రసిద్ధమైన ఉదాహరణ ఒకటుంది. 1953లో రాబర్ట్ రౌషెన్‌బర్గ్ అనే యువ చిత్రకారుడు, అప్పటికే పేరున్న విలెమ్ డి కూనింగ్ దగ్గరికి వెళ్ళి, తుడిచేయడానికి ఒక బొమ్మ ఇమ్మని అడిగాడు. డి కూనింగ్ కావాలనే తుడవడం కష్టమైనదాన్ని ఎంచి ఇచ్చాడు. వారాల తరబడి తుడిచాక మిగిలిన ఆ తెల్లకాగితం ఇప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కో ఆధునిక కళల మ్యూజియంలో ఉంది. 2010లో మ్యూజియం వారు దానికి పరారుణ కాంతితో స్కాన్ తీసి కంప్యూటరులో ముదురు చేశారు. కర్బనం పరారుణ కాంతిని పీల్చేసుకుంటుంది, కాగితం వెనక్కి పంపుతుంది. అందువల్ల కంటికి ఆనని గ్రాఫైటు మరకలు కూడా నల్లగా తేలాయి. వేర్వేరు దిశల్లో నిలిచిన మనుషుల ఆకారాలు కొన్ని కనిపించాయి. రౌషెన్‌బర్గ్ కన్నా ముందే డి కూనింగ్ తానే కొన్ని చోట్ల తుడిచి మళ్ళీ గీశాడని కూడా తెలిసింది. తైలచిత్రాల రంగు కింద దాగిన తొలి గీతలను చూడటానికి 1960ల చివర నుంచి వాడుతున్న పద్ధతి కూడా ఇదే సూత్రం మీద పనిచేస్తుంది.

మన దగ్గర ఇలాంటి చూపుతో చూడదగ్గ గీతలు రాజమండ్రిలో ఉన్నాయి. దామెర్ల రామారావు 1897లో పుట్టి, నిండా ఇరవై ఎనిమిదేళ్ళు రాకముందే 1925లో మశూచితో పోయాడు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయన చేతిలోని విద్యను గుర్తించి ప్రోత్సహించాడు. రామారావు బొంబాయి జె.జె. కళాశాలలో చదివాడు. ఆయన పేరిట గోదావరి ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో నడుస్తున్న చిత్రశాలలో రంగుల చిత్రాలతో పాటు ఆయన స్కెచ్ పుస్తకాలు కూడా ఉన్నాయి. వెళ్ళినవాళ్ళం ఎక్కువగా రంగుల చిత్రాల ముందే నిలబడతాం. స్కెచ్‌ల దగ్గర కూడా కాసేపు ఆగి, ముందుగా పడిన లేత గీత ఏదో, నొక్కిపట్టి తిరిగి దిద్దిన గీత ఏదో, నీడల వాలు ఎటో, ముఖం ఎక్కడ నిండిందో, వస్త్రం ఎక్కడ వదిలేశాడో వేరుచేసి చూడాలి. పెద్ద చిత్రానికి పనికొచ్చే భంగిమ కోసం వెతుకులాటా, ఎదుట ఉన్న మనిషిని ఊరికే పట్టుకోవాలన్న తపనా రెండు రకాల గీతల్ని ఇస్తాయి. అంత తక్కువ కాలం పనిచేసిన మనిషి ఏ దారిలో పోతున్నాడో, తర్వాత ఏం వేయబోతున్నాడో తెలుసుకోవడానికి ఇంతకన్నా దగ్గరి ఆధారం దొరకదు. గ్రాఫైటు వెలిసిపోదు, కానీ వేలు తగిలితే అలుక్కుపోతుంది. కాగితం తేమకు చివుకుతుంది. ఇలాంటి పుస్తకాల ప్రతి పేజీకీ, వరస చెడకుండా, ఒకసారి మామూలు వెలుగులో, ఒకసారి పక్కవెలుగులో, ఒకసారి పరారుణ కాంతిలో ఫొటో తీసిపెట్టాలి. ఈ మూడింటికీ కావలసిన పరికరాలు ఇవాళ ఏ విశ్వవిద్యాలయానికైనా అందుబాటులో ఉన్నవే.